చెవిపోగు

మందుల డబ్బా పట్టుకొని పోయిన,
ఐసుగడ్డల నడుమ టీకా సీసాలు.
"మేకల అమ్మోరు సూది ఆవుకెట్ల పనిజేస్తదిరా?"
ఈదమ్మ అడిగింది.
తెలిసిన సగం చెప్పిన.
మిగిలిన సగం ఆవే చెప్తదన్న.

ఆ యేడు భాద్రపదంల
దేవరకొండ దిక్కు గాలి ఈగల్ని మోసుకొచ్చింది.
పశువు ఒంటి నిండ రేగుపండ్లంత గడ్డలు,
నీరుబట్టి బరువెక్కిన గంగడోలు,
గాబు ముందట నిలబడి
కుడితి మర్చిపోయిన చూపు.
అంగడి బందువెట్టిన్రు.
తాడువట్టుకొని అమ్మబోయినోళ్లు
ఆ తాడుతోటే వాపసొచ్చిన్రు.
చాయ హోటలోడు పాకెట్ పాలకు మారిండు.

రాత్రిపూట డీసీఎం వచ్చేది, లైట్లార్పుకొని.
అరవై వేల ఆవుకు తొమ్మిది వేలు.
"రేపటికి ఇదీ రాదు"
బేరగాడిది ఒకటే మాట.
ఈగకన్న దూరం ఎగిరింది ఆ మాట.

సూదులు మూడు దినాలల్ల ఒడిసినయ్.
ఇగ నా పని సూది పని కాదు.
పాలకేంద్రం అరుగు మీద
పాత క్యాలెండరు తిరగేసి గీతలు గొట్టిన.
పెంటయ్యా, నీ ఎర్రావు ఎన్ని లీటర్లిచ్చేది?
ఇప్పుడెన్ని? తవుడుకెంత? కిస్తీ ఏ తారీఖు?
వేళ్ల కణుపుల మీద లెక్కవెట్టుకుంట
బొటనవేలు కాడ ఆగిండు.
"దీన్నెన్నడు లెక్కవెట్టలే బిడ్డా,
ఇంట్ల మనిషి గదా."
ఇంట్ల మనిషినే తొమ్మిది వేలకు అడుగుతున్రు,
అందుకే రాస్తున్న, అన్న.

గీతల కింద తేలింది ఇంతే:
నలభై రోజులు ఆగితే గడ్డలు ఎండి రాలుతయ్,
పాలు సగానికన్న మళ్లుతయ్.
ఆ నలభై రోజుల మేత ఎవరిస్తరు?
దానిమీద పొద్దుగూకేదాక కొట్లాట.
సంఘం లీడరు సుగుణమ్మ
బ్యాంకు మెట్లమీద ఒక పూటంత కూసొని
కిస్తీ రెండు నెలలు ముందుకు జరిపించింది.
పదిహేను రోజుల పాలబిల్లు వారానికిస్తనని
డెయిరీ సారు ఒప్పుకుండు, మూతి ముడుచుకొనే.
జొన్నచొప్ప ఉన్నోళ్లు లేనోళ్లకు
కట్టకు కట్ట బదులిచ్చిన్రు.
ఇద్దరియ్యలే. వాళ్ల పేర్లు రాయను.

ఈదమ్మ ఆవు పదకొండోనాడు తెల్లారంగ పోయింది.
నేను పోయేసరికి
సున్నం జల్లి మట్టి గప్పిన్రు.
"చెవిపోగు తీసిన్రా? ఫొటో?"
నా నోట్లకెల్లి మొదట ఊడివడ్డ మాట అదే.
ఇన్సూరెన్సోళ్లకు పసుపు పోగు గావాలె,
దానిమీది పన్నెండంకెలు గావాలె,
చావుకు సాక్ష్యం గావాలె.
ముందే చెప్పాల్సినోణ్ని నేను.
అరుగు మీద అన్ని గీతలు గీసి
ఈ ఒక్కటి మరిచిన.

ఈదమ్మ తన చెవి తడుముకుంది.
రంధ్రంల ఈనెపుల్ల.
ఆవును కొన్ననాడే సేటుకాడ కుదువవడ్డయ్ కమ్మలు.
"నా చెవులయి దానికిందికి పోయినయ్,
దాని చెవిది మన్నుకిందికి పోయింది"
అన్నది, ఏడ్వకుంట.
కొద్దిసేపటికి గడ్డపార ఆమెనే తెచ్చింది.
తవ్వమన్నది.

చేతులకు తొడుగులు, ముక్కుకు తువ్వాల.
నడుములోతుకు దిగినంక
సున్నం పేరుకున్న చెవి.
అంకెలు కనవడేదాక బొటనవేలితో రుద్దిన.
ఫోన్ల ఫొటో గొడుతుంటే
గుంత అంచున ఆమె నీడ గూడ పడ్డది.
తీసేయలే.

ఫారం పంపి ఇయ్యాల్టికి ఇరవై ఆరు రోజులు.
ఫోన్ జేస్తే ప్రాసెస్‌ల ఉందంటరు.

ఇప్పుడు ఏ కొట్టంకు పోయినా
డబ్బా తెరవకముందే చెవులు చూస్త.
"పిల్లను చూడొచ్చినవా ఏంది
పోగులు చూస్తున్నవు" అని నవ్వుతరు.
నవ్వనీ.
పొద్దుగాల పెంటయ్య ఎర్రావు
పావు తక్కువ లీటరిచ్చింది.
ఆయన నాకు చెప్పలే.
క్యాలెండరు మీద తనే గీత గొట్టిండు,
వంకరగ.